వాలంటీరు బ్యాడ్జీకి, మెట్ల మీద నుంచి

చిరంజీవి బ్యాడ్జీకి,

ఉభయకుశలోపరి. కుడి మోకాలి సంగతి మినహాయిస్తే ఇక్కడ నేను క్షేమం. ఆ మోకాలి సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

నువ్వు నా మెడలో పడ్డ రోజు గుర్తుందా? మా విశాఖపట్నంలో మిద్దె తోటలు పెంచే వాళ్లు కొందరు కలిసి, ఏడాదికో ఆదివారం ఇళ్ల గేట్లు తెరిచిపెట్టి, వచ్చి చూసి వెళ్లండంటారు. సీతమ్మధార నుంచి ఎంవీపీ కాలనీ దాకా ఎనిమిది ఇళ్లు. పొద్దున్న ఏడున్నరకి మొదలు, మధ్యాహ్నం ఒంటిగంటకి సరి. ముప్పై నాలుగేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన నాకు మొక్కలంటే ఇష్టం. పరాయివాళ్ల మేడలెక్కి చూడటమంటే ఇంకా ఇష్టం. వాలంటీరుగా చేరితే ఎనిమిదీ చూసెయ్యొచ్చని లెక్కవేశాను. బోర్డు మీద ఏనాడూ అంత తప్పు లెక్క వెయ్యలేదు.

నిన్ను ఇచ్చేటప్పుడే అనుమానం రావలసింది. ఓ ప్లాస్టిక్ కవరు, లోపల ఆకుపచ్చ అట్టముక్క, దానికో నీలం తాడు. నీ మీద పేరు రాసుకోవడానికి గీత ఉంది గానీ, రాయడానికి పెన్ను లేదు. "పర్లేదు మాస్టారూ, వాలంటీర్ అని పెద్దక్షరాల్లో ఉంది కదా, చాలు" అన్నారు. నిజమే, చాలింది. ఆ రోజంతా నన్నెవరూ పేరు పెట్టి పిలవలేదు. "ఇదిగో వాలంటీరుగారూ, బాత్రూమెక్కడ?" అనే పిలుపు మాత్రం ఎనిమిది ఇళ్లలోనూ వినబడింది.

అసలు నీ పేరుతోనే వచ్చింది చిక్కు. 2019 ఆగస్టు 15న మొదలై కొన్నేళ్లపాటు యాభై ఇళ్లకొకరు చొప్పున, నెలకి ఐదు వేల గౌరవ వేతనం మీద ఈ రాష్ట్రంలో తలుపులు తట్టిన మాట అది. ఒకటో తారీఖు తెల్లవారకముందే పింఛను తెచ్చి చేతిలో పెట్టిన మాట. మొదటి ఇంటి ఎదురరుగు మీద కూర్చున్న మామ్మ నిన్ను చూడగానే లేచొచ్చింది.

"ఏటి బాబూ, మిమ్మల్ని మల్లీ ఎట్టీసినారా?"

"కాదమ్మా, నేను మొక్కల వాలంటీరుని."

"ఓలమ్మో, మొక్కలికీ పింఛనిస్తన్నారేటి!"

లోపలికెళ్లి ఆధార్ జిరాక్సు తెచ్చి చూపించిందాకా వదల్లేదు. చూశాను. తిప్పి వెనకవైపు కూడా చూశాను. మెడలో నువ్వుంటే చూడననడానికి నోరెలా వస్తుంది?

ఇక అసలు పనికొద్దాం. నాకిచ్చిన పని మెట్ల దగ్గర నిలబడటం. ఒకేసారి పదిహేను మందికి మించి పైకి పంపకూడదు. ఇది ఇంటివాళ్ల పెత్తనం కాదు, దీని వెనక లెక్క ఉంది. మనుషులు ఎక్కి తిరిగే డాబా కప్పుకి, దాని సొంత బరువు కాక, చదరపు మీటరుకి 150 కిలోలు లెక్కలోకి తీసుకోవాలని మన దేశపు నిర్మాణ ప్రమాణం. ఇరవై లీటర్ల పెయింటు బకెట్లో ఎర్రమట్టి దట్టించి తడిపితే ముప్పై కిలోలకి తగ్గదు. అందుకే తెలిసినవాళ్లు మట్టి తగ్గించి కోకోపీటు అనే కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలుపుతారు, బరువైన టబ్బుల్ని దూలాల మీదుగా వచ్చేటట్టు పెడతారు. ఇంత వివరంగా నేను మెట్ల దగ్గర చెబుతూ ఉంటే, వచ్చినవాళ్లు శ్రద్ధగా విని, "మేం నలుగురమేనండీ" అని ఏడుగురు ఎక్కేసేవారు. పదహారోవాడు ఎప్పుడూ ఎవరికో ఒకరికి బావమరిదే. ఒకాయనైతే తూకం వేసినట్టు నన్ను కిందనుంచి పైదాకా చూసి, "మీరు పైకి రావట్లేదు కదా మాస్టారూ, మీ బదులు నేను" అన్నాడు. నా శిష్యుడే. తీసివేతలు నేనే నేర్పాను.

అలా నేను తోటలు చూడలేదు, విన్నాను. మెట్లగది గోడ మంచి రేడియో అని ఆ రోజే తెలిసింది. మూడో ఇంటాయన మొక్కలకి పోసే జీవామృతం గురించి ఐదు జట్లకి ఐదుసార్లు చెప్పాడు. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల ఆవు పంచితం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టుమట్టి. రోజూ కర్రతో కలపాలి. నాకు నోటికొచ్చేసింది. కలిపింది కళ్లతో చూడలేదు గానీ, వాసన మాత్రం మెట్లు దిగి నా దగ్గరికే వచ్చింది, ఎవర్నీ అడగకుండా. నాలుగో ఇంట్లో సొరపాదు. ఆడపువ్వు కింద పిందె ఉంటుందనీ, మగపువ్వుకి ఉత్త కాడేననీ, పూలు సాయంత్రం విచ్చుకుంటాయి కాబట్టి ఆ వేళకి మగపువ్వు తెంపి ఆడపువ్వుకి అద్దాలనీ ఆవిడ గొంతు పోయేదాకా చెప్పింది. పొద్దెక్కాక వచ్చినవాళ్లకి అప్పుడే విచ్చిన సొరపువ్వు కనబడే వీల్లేదు. ఈ ఒక్క విషయంలో పైకెళ్లినవాళ్లూ నేనూ సమానమే, కాస్త ఊరట.

బయల్దేరేముందు మా నిర్వాహకుడు ఓ ఉపన్యాసమిచ్చాడు, విన్నావుగా. ఇంగ్లండులో 1927లోనే ఇలా 609 తోటలు తెరిచారట, మనిషికో షిల్లింగు తీసుకుని, వచ్చిన డబ్బు నర్సుల సేవకి ఇచ్చారట. అదిప్పటికీ నడుస్తోందట. మన దగ్గర ప్రవేశం ఉచితం, టీ ఉచితం, గుప్పెడు బంతి విత్తనాలూ ఉచితం. మనది గొప్ప మనసు అన్నాడు. కావచ్చు. కానీ షిల్లింగు ఇచ్చినవాడు దాని విలువ కళ్లతో రాబట్టుకుని వెళ్లిపోతాడు. ఊరికే వచ్చినవాడికి ఏదో ఒకటి చేత పట్టుకుని దిగకపోతే నష్టపోయినట్టుంటుంది.

ఆరో ఇంట్లో మెట్లు దిగుతున్నావిడ నా ముందే ఆగి, హ్యాండ్‌బ్యాగులోంచి తడిపి పిండిన జేబురుమాలు తీసింది. ఇంటి దగ్గరే తడిపి తెచ్చుకుందన్నమాట. చీర కుచ్చిళ్ల చాటునుంచి జానెడు తీగ తీసి, మొదలు చుట్టూ ఆ రుమాలు చుట్టి, పసిపిల్లకి గుడ్డ కప్పినట్టు కప్పింది. గోటితో గిల్లిన చోట ఇంకా పసరు కారుతోంది.

"అమ్మా, కొమ్మలు తుంచకూడదని బోర్డు పెట్టారండీ."

"మనీ ప్లాంటండీ. అడిగి తెచ్చుకుంటే రాదు, దొంగిలిస్తేనే వస్తుంది. మీకు తెలీదా?"

"అది తమలపాకు తీగమ్మా."

ఓ క్షణం తీగ వంక చూసింది. "అయితే మరీ మంచిది" అని సంచిలో పెట్టుకుని దిగిపోయింది.

నేను నీ వంక చూశాను. నువ్వు బొడ్డు మీద వేలాడుతూ గోడ వైపు తిరిగిపోయావు. రోజంతా నీది అదే వరస. దారి చూపించమన్నప్పుడు ఎదురుగా నిలబడతావు, ఎవర్నైనా ఆపవలసి వస్తే వెనక్కి తిరిగిపోతావు. కాన్‌స్టేబుల్‌కి లాఠీ ఉంది, బస్సు కండక్టరుకి విజిలుంది. నీకేముంది? తాడు. అదీ నా మెడకే.

చెప్పుల పంచాయితీ ఎత్తనుగాక ఎత్తను. మెట్ల మీద ఎనభై జతలు, చివరికి మిగిలినవి రెండూ ఎడమకాలివి. దానికి సంజాయిషీ కూడా వాలంటీరే ఇవ్వాలన్న వాదనని నేనిప్పటికీ ఒప్పుకోను.

ఐదో ఇల్లు చెప్పకుండా దాటేశాననుకున్నావేమో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ వచ్చినప్పుడు ఆ ఇంటి పెరట్లో మామిడి, వేప, రెండూ వేళ్లతో సహా పడిపోయాయిట. ఆ పెద్దావిడకి మళ్లీ నేల మీద చెట్టు పెట్టబుద్ధి కాలేదు. కూలిన మామిడి కొమ్మే కోయించి పైన పందిరికి గుంజలు చేయించుకుందిట. మిగతా ఇంటివాళ్లు నా చేత మంచినీళ్ల క్యాన్లు మోయించారు, ఈవిడ మాత్రం స్టీలు గ్లాసులో మజ్జిగ పట్టుకొచ్చి, "మీరు పైకి రారా మాస్టారూ? ఆ గుంజలు చూద్దురు గాని" అంది. గ్లాసు కింద పెట్టి ఓ మెట్టెక్కాను. రెండో మెట్టు మీద ఉండగానే ఫోను. ఆరో ఇంటి దగ్గర జనం ఎక్కువయ్యారు, వెంటనే రమ్మని. పందిరి గుంజలు చూడలేదు. మజ్జిగలో కరివేపాకు వేసిందన్నంతవరకే ఆ తోట గురించి నేను చెప్పగలను.

మోకాలి డాక్టరు రోజుకెన్ని మెట్లు ఎక్కుతారని అడిగాడు. ఎక్కనండీ, నిలబడతానన్నాను. రాసుకున్నాడు.

ఇప్పుడు నిన్ను తిరిగివ్వమని నిర్వాహకులు రెండుసార్లు ఫోను చేశారు. ఇవ్వడం కుదరదు. ఇంటికి రాగానే మా ఆవిడ నీ తాడు గట్టిగా ఉందని మెచ్చుకుని, మేడ మీద కాకరపాదుని కమ్మీకి కట్టేసింది. వారం తిరక్కుండా ఓ నులితీగ నీ తాడు చుట్టూ నాలుగు మెలికలు వేసింది. కోతకొచ్చేదాకా విప్పడానికి వీల్లేదని ఆవిడ తీర్పు. ఆ మాటే ఫోనులో చెప్పాను.

"మీ ఇంట్లో కూడా తోట ఉందా మాస్టారూ! అయితే వచ్చే ఏడాది తొమ్మిదో ఇల్లు మీదే" అన్నారు. సంతోషించాను. ఒక్క తోటైనా ఆ రోజు చూస్తాను కదా అనుకున్నాను. అంతలోనే, "కాకపోతే వాలంటీర్లు బాగా తక్కువగా ఉన్నారు. మీ ఇంటి మెట్ల దగ్గర మీరే నిలబడాలి" అన్నారు.

మా ఇంటికి మెట్లు ఇరవై మూడు. మూడో మెట్టు మీద పదింటిదాకా నీడ ఉంటుంది.

ఇట్లు,
నీ మీది ఖాళీ గీత