డాష్‌బోర్డుకి కన్నం మాత్రం వద్దు

1970 నాటి ఫోక్స్‌వాగన్ వ్యాన్‌కి ముందు అద్దం కడిగే ఎలక్ట్రిక్ వాషర్ పంపు పెట్టడం గురించి బాగా రాశారు. కొత్త స్విచ్ కోసం డాష్‌బోర్డుకి కన్నం పెట్టమనడమే నాకు నచ్చలేదు. ఒకసారి పెడితే ఇక పూడ్చలేం.

ఆ బండ్లలో అద్దం మీదికి నీళ్లు కొట్టడానికి అసలు మోటారే లేదు. నీళ్ల డబ్బాలోకి టైరుకి కొట్టినట్టే గాలి కొడతాం, బటన్ నొక్కితే వాల్వు తెరుచుకుని ఆ గాలే నీళ్లని అద్దం మీదికి తోస్తుంది. గాలి నిలవట్లేదంటే ముందు పైపుల అతుకుల మీద సబ్బు నురగ రాసి చూడండి. చాలాసార్లు గట్టిపడిన రబ్బరు పైపు మారిస్తే సరిపోతుంది.

పంపే కావాలంటే 12 వోల్టులది, డబ్బా పక్కనే, బయటికి కనబడకుండా బిగించండి. ఫ్యూజు తప్పనిసరి. స్విచ్ డాష్‌బోర్డు కింద, చేతికి అందేలా చాలు. పాత బటన్‌ని దాని చోటే ఉండనివ్వండి. ఇంకోటి, మీరు రాయనిది: పంపు పెట్టాక డబ్బాలోకి గాలి కొట్టకూడదు. పైగా మూతకి సన్నటి రంధ్రం ఉండాలి, లేకపోతే లోపల వాక్యూమ్ ఏర్పడి పంపు నీళ్లు లాగలేదు. ముందు అద్దం రెండు ముక్కలుగా ఉండే పాత స్ప్లిట్‌స్క్రీన్ బండ్లు చాలావరకు 6 వోల్టులవి, కొనేముందు బ్యాటరీ చూసుకోండి.