పద్దెనిమిదేళ్లు నిండితే ఎవరి బాధ్యత?

మన తెలంగాణ మండల కేంద్రాల్లో బడి చదువుల పథకమైన సమగ్ర శిక్షా కింద భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు అక్కడి రిసోర్స్ టీచర్లు అక్షరాలతో పాటు చొక్కా గుండీలు పెట్టుకోవడం, పది నోటుకూ యాభై నోటుకూ తేడా తెలుసుకోవడం నేర్పుతారు. ఫిజియోథెరపీ ఉంటుంది. మంచం దిగలేని పిల్లలకు ఇంటికే వెళ్లి చెప్పే ఏర్పాటూ ఉంది. రవాణా భత్యం, తోడొచ్చే వారికి ఎస్కార్ట్ భత్యం, ఆడపిల్లలకు నెలకు రూ.200 స్టైపెండ్ ఇస్తారు. లోపాలు లేవని కాదు. ఆ టీచర్ల కాంట్రాక్టు కొలువుల గోస గురించే మరో సంపాదకీయం రాయొచ్చు. అయినా ఆ పిల్లవాడి పేరు ఒక రిజిస్టర్‌లో ఉంటుంది. రెండు రోజులు రాకపోతే ఎందుకు రాలేదని అడిగే మనిషి ఒకరుంటారు. 18 ఏళ్లు నిండగానే ఆ పేరు రిజిస్టర్‌లోంచి పోతుంది. ఇంకే రిజిస్టర్‌లోకీ ఎక్కదు.

ఆ తర్వాత జరిగేది ఊళ్లలో అందరికీ తెలిసిందే. పదేళ్లు బడికి వెళ్లొచ్చిన పిల్లాడు ఇంటి అరుగు మీద కూర్చుంటాడు. పత్తి ఏరే రోజుల్లో వాడిని ఎవరికి అప్పజెప్పాలో తెలియక తల్లి కూలి మానుకుంటుంది. బడిలో నేర్చిన నాలుగు ముక్కలూ ఏడాది తిరిగేసరికి మరిచిపోతాడు. బ్యాంకు ఖాతా దగ్గర పేచీ వచ్చాకే, మేజరైన కొడుకు తరఫున సంతకం పెట్టాలంటే చట్టబద్ధ సంరక్షకుల ఉత్తర్వు కావాలన్న సంగతి ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యం ఉన్నవారికి ఆ ఉత్తర్వు ఇవ్వడానికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన స్థానిక కమిటీ ఉంటుంది. ఆ మాట బడి వదిలే ముందే తల్లిదండ్రుల చెవిన వేసేవారు లేరు.

చట్టాలకు కొదవ లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి ఆరు నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు అంది. సర్కారు కొలువుల్లో 4 శాతం, ఉన్నత విద్యలో 5 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. వృత్తి శిక్షణ ఇప్పించమంది. అయితే బడి విద్యాశాఖది, పింఛను, ఉపకరణాలు సంక్షేమ శాఖవి, శిక్షణ మరొకరిది. పిల్లవాడిని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలో పెట్టే బాధ్యత మాత్రం ఎవరిదీ కాదు. మా లెక్కలో అసలు జబ్బు ఇదే. అమెరికా చట్టం ప్రకారం పిల్లలకు 16 ఏళ్లు వచ్చేసరికి, బడి తర్వాత ఏం చేస్తారు, ఎక్కడుంటారు, దానికి ఎవరు సాయం చేస్తారు అన్నది బడే రాతపూర్వకంగా ఖరారు చేయాలి. ఆ నియమం పెట్టుకోవడానికి మనం వాళ్లంత డబ్బున్న దేశం కానక్కర్లేదు.

రిజర్వేషన్‌తోనే పని అయిపోతుందనుకుంటే పొరపాటు. డిగ్రీ చేసిన చూపులేని యువతికి అది దారి చూపొచ్చు. టెన్త్ గట్టెక్కని మేధో వైకల్యం ఉన్న కుర్రాడికి ఆ నోటిఫికేషన్‌తో సంబంధమే లేదు. అతనికి కావాల్సింది తన ఊరికి దగ్గర్లో ఒక పని, మొదట్లో పక్కన నిలబడి నేర్పే మనిషి.

ఊరి నర్సరీనే చూడండి. పాలిథిన్ సంచుల్లో మట్టి నింపడం చిన్న పనే. అందులోనూ మట్టి జల్లెడ పట్టాలి, ఎరువు కలపాలి, సంచి మూతి విప్పాలి, పైన రెండు వేళ్ల ఖాళీ వదలాలి, వరుసలో పేర్చాలి. అన్నీ ఒకేసారి చెబితే కుర్రాడు తికమక పడతాడు. సంచి మీద ఎక్కడిదాకా నింపాలో మార్కర్‌తో గీత గీసి, ఆ ఒక్క పనే చేయించి, అది చేయి తిరిగాక రెండోది అప్పగిస్తే చేసుకుపోతాడు. నేర్పే మనిషి మొదటి రోజుల్లో పూటంతా ఉండి, తర్వాత గంటసేపు వచ్చిపోతూ, చివరికి ఫోన్‌తో సరిపెట్టుకోవచ్చు. దీన్నే జాబ్ కోచింగ్ అంటున్నారు. 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన వరంగల్ దర్రీల నేతలో కండెలు చుట్టడం, బట్టల షాపులో చీరలు మడతపెట్టి ధర చీటీలు అతికించడం, ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు సర్దడం కూడా ఇలా నేర్పదగ్గ పనులే. సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ 1984 నుంచి మేధో వైకల్యం మీదే పనిచేస్తోంది. అక్కడి విద్య భూపాలపల్లి, ములుగు పిల్లల దాకా రావాలంటే శిక్షణ పొందిన మనుషులు జిల్లాల్లో ఉండాలి.

ప్రైవేటు యజమానులకూ 2016 చట్టంలో ఒక మాట ఉంది. సిబ్బందిలో కనీసం 5 శాతం దివ్యాంగులు ఉండేలా చూసే సంస్థలకు ప్రభుత్వాలు ప్రోత్సాహకాలివ్వాలని 35వ సెక్షన్ చెబుతోంది. వరంగల్ జిల్లా గీసుగొండ, సంగెం మండలాల్లో వెయ్యి ఎకరాలకు పైగా సేకరించి కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు పెట్టారు. అక్కడి కంపెనీలకిచ్చే రాయితీల్లో ఈ మాట ఎందుకు చేర్చకూడదు? ప్యాకింగ్, దారాలు కత్తిరించడం, లేబుళ్లు వేయడం వంటి పనులకు గార్మెంట్ యూనిట్లో కొదవా?

పింఛను సంగతీ తేల్చాలి. దివ్యాంగులకు ప్రస్తుతం నెలకు రూ.4,016 వస్తోంది. దాన్ని రూ.6 వేలు చేస్తామన్న ఎన్నికల హామీ ఇంకా నెరవేరలేదు. కొడుక్కి ఎక్కడైనా జీతం మొదలైతే ఈ కాస్తా కట్ అవుతుందేమోనని తల్లిదండ్రులకు టెన్షన్. మూడు నెలల్లో పని పోతే పింఛను మళ్లీ రావాలంటే ఎన్ని ఆఫీసులు తిరగాలో వాళ్లకు తెలుసు. అందుకే పనికి పంపరు, వాళ్లను తప్పుపట్టలేం. పనిలో చేరిన తొలి రెండేళ్లు పింఛను ముట్టుకోబోమని ప్రభుత్వం జీవో ఇస్తే చాలామంది ధైర్యం చేస్తారు.

పనితోనే అంతా అయిపోదు. బడి మానగానే తోటివాళ్లూ దూరమవుతారు. పెళ్లికి తీసుకుపోతే నలుగురూ ఏమనుకుంటారోనని ఇంట్లో ఉంచి తాళం వేసే కుటుంబాలున్నాయి. వినాయక మండపం దగ్గర కుర్చీలు సర్దే పని అప్పజెప్పే యువజన సంఘాలూ ఉన్నాయి. ఆ రెండోవాళ్లకు శిక్షణ ఎవరూ ఇవ్వలేదు. ఇక ఆర్టీసీ బస్సు మెట్ల ఎత్తు, ర్యాంపులేని ఆఫీసుల గురించి ఏటా దివ్యాంగుల దినోత్సవమైన డిసెంబర్ 3న ఉపన్యాసాలు వింటూనే ఉన్నాం. ఆటల పోటీలు, ట్రైసైకిళ్ల పంపిణీ, ఫొటోలు అయ్యాక మళ్లీ డిసెంబర్ దాకా ఎవరికి వారే యమునా తీరే.

హనుమకొండ, వరంగల్, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ కలెక్టర్లు ముందు ఒక్క పని చేయాలి. భవిత కేంద్రాల్లో, బడుల్లో 15 ఏళ్లు దాటిన ప్రత్యేక అవసరాల పిల్లల జాబితా తెప్పించి, ఒక్కొక్క పేరు ఎదుట ఒక్కొక్క అధికారి పేరు రాయించాలి. బడి వదిలాక మూడేళ్ల దాకా ఆ పేరుకు ఆ అధికారే జవాబుదారీ. నెలనెలా జరిగే సమీక్షలో ఒక పావుగంట దీనికి కేటాయించాలి. ఇందుకు హైదరాబాద్ నుంచి జీవో రావాల్సిన పని లేదు.