పోర్ట్ హెడ్‌లాండ్‌లో పూల్ ఉన్న ఇల్లు, దాని అద్దె ఎవరు తేలుస్తున్నారు

ఇంటి ఫొటోలు పంపగానే మా చుట్టాలంతా ఒకే మాట, స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇల్లా, బాగా సెటిలైపోయారు అని. పోర్ట్ హెడ్‌లాండ్ అంటే వెస్టర్న్ ఆస్ట్రేలియాలో పిల్బరా ఏరియా, పెర్త్ నుంచి రోడ్డు మీద 1,600 కిలోమీటర్లు, న్యూమన్ గనుల ఇనుప ఖనిజం రైళ్లలో వచ్చి ఇక్కడే ఓడ ఎక్కుతుంది. ఇదే పిల్బరాలోని ఆన్‌స్లోలో 2022 జనవరి 13న 50.7 డిగ్రీలు నమోదైంది, స్కూలు పెద్ద సెలవులేమో సరిగ్గా ఆ ఎండల్లోనే. అలాంటి ఊళ్లో పిల్లలున్న ఇంటికి పూల్ అనేది మన దగ్గర కూలర్ లాంటిది, అంతే.

పైగా దాని చాకిరీ మనదే. గాలి వీచిన మర్నాడు నీళ్ల మీద ఎర్రటి దుమ్ము తెట్టులా కట్టేస్తుంది, వల వేసి తీసి, క్లోరిన్ చూసి, ఫిల్టర్ కడిగేసరికి ఉదయం అయిపోతుంది. చుట్టూ ఫెన్స్ ఉండాలి, గేటు దానంతటదే మూసుకుని గడియ పడాలి, అది ఇక్కడ చట్టం. మా గేటు స్ప్రింగ్ ఉప్పు గాలికి తుప్పు పట్టి సగంలో ఆగిపోయేది, ఏజెంట్‌కి మెయిల్ మీద మెయిల్ పెడితే మూడు వారాలకి మనిషొచ్చాడు, ఆ మూడు వారాలూ నాలుగేళ్ల పాపని పెట్టుకుని పెరటి తలుపుకి తాళం వేసుకునే ఉన్నాం.

ఇక అద్దె. గనుల బూమ్ టైమ్‌లో, 2012 ప్రాంతంలో, ఇక్కడ మామూలు ఇల్లు వారానికి 2,000 డాలర్లు దాటింది. 2015 చివర్లో ఖనిజం టన్ను 40 డాలర్ల కిందకి పడిపోయేసరికి అద్దెలూ, ఇళ్ల రేట్లూ కుప్పకూలాయి, అప్పు చేసి కొన్నవాళ్లు మునిగారు. ఖనిజం రేటు కోలుకున్నాక అద్దెలు మళ్లీ ఎక్కాయి. నేను గోదావరిఖనిలో సింగరేణి క్వార్టర్‌లో పెరిగినదాన్ని, బొగ్గు రేటుని బట్టి మా ఇంటి అద్దె మారడం నేనెప్పుడూ చూడలేదు. ఇక్కడ గని ఉద్యోగికి ఇల్లు చాలాసార్లు కంపెనీయే ఇస్తుంది, లేదా అద్దెలో పెద్ద వాటా కడుతుంది, అందుకే ఓనర్ అడిగే రేటు మనిషి జీతాన్ని చూసి కాదు, కంపెనీ ఎంత కట్టగలదో చూసి పెడతాడు. టీచర్లకీ పోలీసులకీ ప్రభుత్వ హౌసింగ్ ఉంది. మరి చైల్డ్‌కేర్ అమ్మాయి, సూపర్‌మార్కెట్ క్యాషియర్, బండి బాగుచేసే మెకానిక్? వీళ్ల తరఫున అద్దె కట్టేవాళ్లెవరూ లేరు.

అందుకే నా అభిప్రాయం, కొత్త గనికో విస్తరణకో పర్మిషన్ ఇచ్చేటప్పుడు ప్రభుత్వం కంపెనీ స్టాఫ్ ఇళ్ల లెక్క ఒక్కటే చూడకూడదు, ఊరిని నడిపేవాళ్లకి ఎన్ని ఇళ్లు కడతారో కూడా రాయించుకోవాలి. ఇది దానధర్మం కాదు, చైల్డ్‌కేర్ మూతపడితే గని ఇంజనీర్ భార్యకి ఉద్యోగానికి వెళ్లడం కుదరదు, ఏడాది తిరక్కుండా ఆ కుటుంబం పెర్త్ వెళ్లిపోతుంది, మనిషి విమానంలో వచ్చిపోయే డ్యూటీకి మారతాడు, ఇక్కడ స్కూల్లో ఇంకో సీటు ఖాళీ. మన తెలుగువాళ్లు రావాలనుకుంటే లీజు ఎవరి పేరు మీదో ముందే అడగండి, కంపెనీ పేరు మీదైతే ఉద్యోగం పోతే ఇల్లు ఎన్ని రోజుల్లో ఖాళీ చేయాలో కాగితం మీద చూసుకోండి.

మా పాపని చూసుకునే అమ్మాయి అద్దె కట్టలేక మార్చిలో ఊరొదిలి వెళ్లింది. చైల్డ్‌కేర్‌లో ఆమె చూసుకునే పిల్లల రూమ్ మూసేశారు, పాప ఇంకా వెయిటింగ్ లిస్ట్‌లోనే ఉంది.