మరిగించడం కంటే గడ్డకట్టే దిశ ముఖ్యం

ఇంట్లో తేటైన ఐసు చేసుకోవడం గురించి వచ్చిన ఒక వ్యాసంలో, నీళ్లు రెండుసార్లు మరిగిస్తే ఐసు అద్దంలా వస్తుందని రాశారు. దానివల్ల కొంత గాలి పోతుంది, అంతే. మన అనంతపురం బోరు నీళ్లలో ఉప్పులెక్కువ. మరిగిస్తే కొంత సున్నం గిన్నెకు పడుతుంది గానీ మిగతావి, ఫ్లోరైడ్‌తో సహా, నీళ్లలోనే ఉంటాయి. అందుకే ఆర్వో నీళ్లు పోయండి.

అసలు కిటుకు వేరే. మామూలు ట్రేలో నీళ్లు అన్ని వైపుల నుంచీ గడ్డకడతాయి. గాలి, ఉప్పులు నడిమికి చేరి అక్కడే తెల్లగా చిక్కుకుంటాయి. చలి పైనుంచి మాత్రమే తగిలేలా చేయాలి. ఫ్రీజర్‌లో పట్టే చిన్న ఐస్‌బాక్సు (పక్కల నుంచి చలి తగలనివ్వని మందపు గోడల డబ్బా) తీసుకుని, పైన రెండు సెంటీమీటర్లు వదిలి నీళ్లు నింపి, మూత లేకుండా పెట్టండి. సింగిల్ డోర్ ఫ్రిజ్ అయితే ఫ్రీజర్ అడుగు ప్లేటు కూడా చల్లబరుస్తుంది కాబట్టి బాక్సు కింద అంగుళం మందం థర్మోకోల్ తప్పనిసరి. ఇది మరిచిపోయే చాలామంది కుదరలేదంటారు.

18 నుంచి 24 గంటల్లో, అడుగున పావు వంతు నీళ్లుండగానే తీసేయండి. పూర్తిగా గడ్డకడితే ఆ మురికంతా అడుగున తెల్లగా దిగుతుంది, బాక్సు కూడా పగలొచ్చు. కరెంటు పోయిన రోజు ఇంకాస్త ఆగాలి.

తీసిన వెంటనే కొట్టొద్దు, పగుళ్లు వస్తాయి. పైన మంచుపొర కరిగి గడ్డ తేటగా కనిపించాక, రంపపు పళ్ల కత్తితో గీత పెట్టి, కత్తి వీపు మీద అప్పడాల కర్రతో తట్టండి. పెద్ద ముక్కలు నెమ్మదిగా కరుగుతాయి, నన్నారి షర్బత్ తొందరగా పలచబడదు.