తమరి రెండు కళ్ల చల్లని చూపు కోసం

మహారాజశ్రీ 'బిచెస్ బ్రూ' ఎల్పీ (గ్రామఫోను రికార్డు), మొదటి ముద్రణ వారి దివ్య సముఖమునకు,

న్యూజెర్సీ నుంచి తమరి సేవకుడు రాసుకునేది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమానికి లోటు రాకుండా లోపలొక కవరు, పైనొక కవరు తొడిగి, ఎండ తగలని అరలో నిలబెట్టాను. మా అమ్మ తెనాలి నుంచి వచ్చి నాలుగు నెలలైంది. ఆవిడ గది కిటికీకి ఇంకా కర్టెన్ కొనలేదు. తమరి అరకి మాత్రం ఉంది.

తమరి పేరేంటని అమ్మ అడిగింది. "మంత్రగత్తెల కషాయం" అని సర్దేశాను. తమరిని సృష్టించిన అమెరికా జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ గారు క్షమించాలి. మొదటి అక్షరం మార్చి 'బిచెస్' అనే తిట్టుని 'విచెస్' చెయ్యకపోతే ఆవిడ తమరిని గుమ్మం దాటనివ్వదు.

తమరు 1969 ఆగస్టులో న్యూయార్క్ స్టూడియోలో మూడు రోజుల్లో పుట్టారు. 1970లో బజారులోకొచ్చారు. రాక్ వినే కుర్రకారు కూడా ఎగబడి కొన్నారు. ఐదు లక్షలు దాటి, మైల్స్‌కి మొదటి గోల్డ్ రికార్డు తమరే అయ్యారు. అన్ని లక్షలు అమ్ముడైన సరుకుని అపురూపం అనడం రికార్డులు పోగేసే మా కలెక్టర్లకే చెల్లింది. (కొడుకు కలెక్టర్ కావాలని అమ్మ చిన్నప్పుడే మొక్కుకుంది. ఏ కలెక్టరో దేవుడికి విడమరిచి చెప్పలేదు.)

అందుకని మేమొక కొండగుర్తు పెట్టుకున్నాం. కొలంబియా వారి ఎర్ర లేబుల్ మీద అటొకటి ఇటొకటి కన్ను బొమ్మలుంటే అసలు సిసలు. అంచు చుట్టూ బంగారు రంగులో కంపెనీ పేరు తిరిగుంటే తర్వాత వేసింది. వాయించిన వాళ్లూ వాళ్లే, వాయించిందీ అదే. అయినా రెండు కళ్లున్న తమరిని కళ్లకద్దుకుంటాం, కళ్లు లేనివాళ్లని గరాజ్ సేల్‌కి తోలేస్తాం. అక్కడితో ఆగుతామా? లేబుల్ పక్కన పాట లేని నల్ల పట్టీ ఉంటుంది, దాన్ని రన్‌అవుట్ అంటారు. తమరు రాకముందు ఆ మాట నాకు క్రికెట్‌లోనే తెలుసు. ఇప్పుడు సెల్‌ఫోన్ లైటు వేసి, భూతద్దం పెట్టి, అక్కడ చెక్కిన నంబర్లు చదువుతున్నాను. పదో తరగతి హాల్ టికెట్ నంబరు కూడా అంత శ్రద్ధగా చూసుకోలేదు.

తమరిని అమ్మినాయన "వెరీ గుడ్ ప్లస్" అన్నాడు. మా లోకంలో ఉత్త "గుడ్" అంటే గరగరలాడేదని అర్థం. పెళ్లి సంబంధాల్లో "అబ్బాయి నెమ్మదస్తుడు" అంటారే, అలాగన్నమాట. అట్ట విప్పి చూద్దును కదా, మాటి క్లార్వైన్ వేసిన ఆ బ్రహ్మాండమైన బొమ్మలో, జంట నిలబడి చూస్తున్న సముద్రం మీద, కాఫీ కప్పు పెట్టిన గోధుమరంగు చక్రం. ఎంతకు కొన్నానో మా ఆవిడకే చెప్పలేదు, తమరికీ చెప్పను.

ఇక ఆ ఆదివారం సంగతి. రికార్డు తుడిచి, సూది తుడిచి, తమరి మొదటి పాట 'ఫేరోస్ డాన్స్' పెట్టాను. తిరగమోతలో ఆవాల్లా చిటపటమంటూ మొదలైంది. తొమ్మిదో నిమిషంలో అమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఒరేయ్, గీత పడిందిరా. సూది ఇరుక్కుంది" అంది. నిజమే, ఒకే ముక్క మళ్లీ మళ్లీ. గుండె జారింది. లైటు, భూతద్దం... గీత లేదు. పోనీ రెండో కాపీతో పోల్చి చూద్దామంటే దాని సీలు విప్పలేదు. విప్పితే విలువ పోతుంది. చివరికి ఫోన్‌లో పెట్టి విన్నాను. అక్కడా సరిగ్గా అదే చోట ఇరుక్కుంది.

ఆరా తీస్తే తేలిందేంటంటే, అది నిర్మాత టియో మసేరో గారి చేతి పని. టేపు మీద ఒక్క సెకను ముక్కని 5 సార్లు వరసగా అతికించాడట. ఆ ఒక్క పాటలోనే 19 అతుకులు! అంటే ఆ ఇరవై నిమిషాలూ విన్నది విన్నట్టుగా ఏ గదిలోనూ, ఏ రోజూ, ఎవరూ వాయించలేదు. బ్లేడు పెట్టి కోసి కుట్టిన బొంత తమరు. ఆ బొంతకి నేను మడత నలగని పట్టుచీర మర్యాదలు చేస్తూ, "అసలుది" కోసం నంబర్లు వెతుకుతున్నాను.

రెండో వైపు సంగతి ఎత్తకపోవడమే మంచిది. ఒక్క పక్కన ఇరవయ్యేడు నిమిషాలు ఇరికించారు. సూది నడిచే గాడులు సన్నబడి శబ్దం తగ్గుతుంది. వాల్యూమ్ పెంచితే సంగీతంతో పాటు ఆవాలూ పెరుగుతాయి. తమరు రెండు రికార్డుల జంట కదా, మూడో వైపు తమరిలో గిటారు వాయించినాయన పేరే పెట్టిన 'జాన్ మెక్‌లాఫ్లిన్' అనే చిన్న ముక్క ఉంది, అందులో మైల్స్ అసలు ఊదనే లేదు. ఆ గిటారాయన తర్వాత రోజుల్లో మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్‌తో కలిసి వాయించాడని చెప్పగానే అమ్మ సర్దుకుని కూర్చుంది. తమరికి మా ఇంట్లో దక్కిన మొదటి గౌరవం అదే.

నిన్న రాత్రి మళ్లీ అడిగింది: "ఆ ఇరుక్కునే చోటు బావుందిరా, ఇంకోసారి పెట్టు." ఉండమ్మా, చేతులు కడుక్కోవాలి, బ్రష్ తేవాలి, సూది చూసుకోవాలి అని నేను చెబుతుండగానే ఆవిడ నా ఫోన్ అందుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి అర పక్కన కాపలా ఉన్నవాడు