సొలోన్ అడవి దారులకు గొలుసులు కట్టే హక్కు ఎవరిచ్చారు?

ఈ ఆదివారం మధ్యాహ్నం ఫ్రాన్సులోని సొలోన్ అడవుల్లో, లామోత్-బ్యూవ్రోన్ ఊరికి తూర్పున ఒక మట్టి దారిలో నన్ను ఆపి వెనక్కి పంపేశారు. రెండు గుంజల మధ్య కొత్త ఇనుప గొలుసు, దానికి వేలాడే తెల్లటి రేకు మీద ‘ప్రైవేటు ఆస్తి’ అని ఎర్ర అక్షరాలు, గొలుసుకు అవతల జీపులో ఒక ఎస్టేటు కాపలాదారు. ఇది ఊరుమ్మడి దారి అని పటంలో ఉంది కదా అని ఫోను చూపించబోతే, ఆయన ఫోను వైపు చూడనైనా చూడకుండా 135 యూరోల జరిమానా సంగతి చెప్పాడు. ఇంటికి చేరి స్నానం చేసి అన్నం తిన్నా నా కోపం తగ్గలేదు. తగ్గకముందే రాయాలని కూర్చున్నాను.

పారిస్‌లోనూ ఓర్లెయాన్‌లోనూ ఉండి గ్రావెల్ సైకిలు (మట్టి, కంకర దారుల కోసం చేసిన వెడల్పు టైర్ల సైకిలు) తొక్కే మిత్రులకు సొలోన్ గురించి నేను వేరే చెప్పనక్కరలేదు. తక్కినవారి కోసం చెబుతాను. లువార్, షేర్ నదుల నడుమ సుమారు 5,000 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న చదును నేల ఇది. పైన ఇసుక, కింద బంకమట్టి. పడిన వాన ఇంకదు, పారిపోవడానికి వాలూ లేదు. అందుకే మధ్యయుగాల్లో మఠాల సన్యాసులూ ప్రభువులూ కట్టలు పోసి చేపల చెరువులు చేసుకున్నారు. వాటిలో సుమారు 3,000 ఇప్పటికీ ఉన్నాయి. కొండ ఎక్కాలనుకునేవాడికి ఇక్కడ పని లేదు, సన్న టైర్ల రోడ్డు సైకిలుకు ఈ ఇసుక అచ్చిరాదు. 40 మిల్లీమీటర్ల టైరులో గాలి కాస్త తగ్గించి బయలుదేరితే మాత్రం ఇంతకు మించిన నేల ఇంకొకటి లేదని నా నమ్మకం. పైన్ ఆకులు పరుచుకున్నచోట చక్రం చప్పుడే చేయదు. ఇసుక తగలగానే ముందు చక్రం కూరుకుపోబోతుంది, అప్పుడు బరువును వెనక్కి వేసి ఆపకుండా తొక్కుతూనే ఉండాలి. ఆగస్టు చివర హెదర్ పొదలు దారికి రెండు వైపులా ఊదారంగుకు తిరుగుతాయి, ఫెర్న్ మొక్కలు హ్యాండిల్ కంటే ఎత్తు పెరిగి మోచేతులకు రాసుకుంటాయి. ఆ చెట్లు ఒక్కసారిగా విడిపోయి చెరువు కనిపిస్తుంది, అవతలి ఒడ్డున ఎర్ర ఇటుకల కోట, దాని మీద నల్లటి పలక రాళ్ల కప్పు. లాసే దగ్గర 15వ శతాబ్దపు మూలేన్ కోట చుట్టూ ఉన్న కందకాన్ని అలా సైకిలు మీద వచ్చి చూసినవారికి ఇక బస్సులో వచ్చి కోటలు చూడాలనిపించదు.

ఈ నేల ఇలా ఉండటానికి కారణం ఎవరో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే గొలుసు కట్టినవారు తామే దీన్ని కాపాడుతున్నామని అంటారు. 19వ శతాబ్దం సగానికి సొలోన్ అంటే నిలవనీరు, జ్వరాలు, పేదరికం. అప్పటి ఫ్రాన్సు పాలకుడు మూడో నెపోలియన్ లామోత్-బ్యూవ్రోన్‌లో స్వయంగా ఎస్టేటు కొని ఈ ప్రాంతపు బాగు మొదలుపెట్టాడు. మురుగు కాలువలు తవ్వారు, చాలా చెరువులను ఎండబెట్టారు, ఆమ్లం ఎక్కువైన నేలలో వేయడానికి సున్నపు మట్టిని మోసుకొచ్చేందుకు సోల్ద్ర్ కాలువను 1848లో మొదలుపెట్టి 47 కిలోమీటర్ల పొడవున తవ్వారు. ఆ కాలువకు నీళ్ల కోసం కట్టినదే నేడు అందరూ ఈతకూ పడవలకూ వెళ్లే ప్యూయి చెరువు. ఇసుక నేలల్లో పైన్ మొక్కలు నాటారు. 1879-80 శీతాకాలపు మంచు వాటిని ఎక్కడికక్కడ చంపేస్తే మళ్లీ వేరే రకం నాటారు. ప్రభుత్వ ధనం, కూలీల ఒళ్లు, ఇంజనీర్ల లెక్కలు కలిస్తే ఈ అడవి వచ్చింది. పారిస్ నుంచి రైలు అంతకుముందే వచ్చింది. రైలెక్కి వేట కోసం డబ్బున్నవారు వచ్చి, చవకగా భూములు కొని, ఇటుక కోటలు కట్టించుకున్నారు. మనం అందరం ఫొటోలు తీసుకునే కోటల్లో చాలా వాటి వయసు రాజుల కాలం దాకా వెళ్లదు, ఆ పెట్టుబడిదారుల కాలం దగ్గరే ఆగిపోతుంది. అందరి సొమ్ముతో బాగుపడిన నేల మీద అందరి దారినీ మూసివేయడం అన్యాయమని చెప్పడానికి నాకు వేరే ఆధారం అవసరం లేదు.

కంచెల సంగతి ఇక్కడ తొక్కిన ప్రతి ఒక్కరికీ తెలుసు. రెండు మీటర్ల ఎత్తు ముడుల ఇనుప తీగ, అడుగు భాగం నేలలోకి పూడ్చినది, దారి పొడవునా కిలోమీటర్ల కొద్దీ. తెల్లవారుజామున ఆ తీగ పక్కనే దిక్కుతోచక పరుగెత్తే లేడిని ఒకసారి చూస్తే మరచిపోవడం సాధ్యం కాదు. కొంత దూరం నా పక్కనే పరుగెత్తి, తీగకు తల కొట్టుకుని, మళ్లీ వెనక్కి తిరిగింది. ఈ దుస్థితిని ఆపడానికే లువారే జిల్లా సెనేటర్ జాన్-నొయెల్ కార్దూ ప్రతిపాదించిన చట్టం 2023 ఫిబ్రవరి 2న వచ్చింది. కంచె నేలకు 30 సెంటీమీటర్ల పైన మొదలవ్వాలి, 1.20 మీటర్లు దాటకూడదు, జంతువుకు దెబ్బ తగలకూడదు. ముప్పయ్యేళ్లలోపు వేసిన కంచెలను 2027 జనవరి 1 లోపల ఆ ప్రకారం మార్చాలి. మంచి చట్టమని నేను సంతోషించాను, ఇప్పటికీ ఆ భాగం మంచిదనే అంటాను.

కానీ అదే చట్టంలో ఇంకో నిబంధన పెట్టారు. ఇది ప్రైవేటు అని తెలిపే గుర్తు ఉన్న అడవిలోకి యజమాని అనుమతి లేకుండా అడుగుపెడితే నాలుగో తరగతి నేరం: మామూలుగా 135 యూరోలు, కోర్టు దాకా వెళితే 750 వరకు. అంతకుముందు కంచె లేని అడవిలో ఊరికే నడిచిన మనిషికి ఈ శిక్ష లేదు. అంటే కంచె దించమన్నందుకు యజమానులకు ఇచ్చిన పరిహారం మన దారి. అడవి పంది కంచె కింద నుంచి దూరడానికి సందు వచ్చింది, మనిషికి జరిమానా వచ్చింది. తీగ కొనడానికి వేలు పోయాలి, రేకు ముక్క కొట్టడానికి ఏ ఖర్చూ లేదు. దీని ఫలితం సొలోన్‌తో ఆగలేదు. అదే ఏడాది షార్త్రూజ్ పర్వతాల్లో ఒక భూస్వామి, ప్రకృతి రక్షిత ప్రాంతంలోనే ఉన్న తన 750 హెక్టార్ల భూమిలోకి నడిచేవారు రాకూడదని బోర్డులు పాతించాడు. కొన్ని తరాలుగా జనం నడిచిన కొండ అది.

షాంబోర్ చూడండి. 1519లో మొదటి ఫ్రాన్సువా మొదలుపెట్టిన కోట, దాని చుట్టూ 5,440 హెక్టార్ల వేట అడవి, ఆ అడవి చుట్టూ 32 కిలోమీటర్ల రాతి గోడ. రాజు తన వేట కోసమే కట్టించిన గోడ అది. అయినా దానికి ఆరు ద్వారాలు ఉన్నాయి, వాటి గుండా నేటికీ రోడ్లు సాగుతున్నాయి, ప్రజలకు తెరిచిన భాగంలో మనం హాయిగా సైకిలు తొక్కుతున్నాం. మిగతా భాగం జంతువుల కోసమని మూసి ఉంచితే ఎవరూ కాదనలేదు. నిన్నమొన్న వచ్చి రెండు వందల హెక్టార్లు కొన్న మనిషి ఆ రాజు విడిచినపాటి సందు కూడా విడవనంటే ఏమనాలి?

అసలు నా కోపం ఈనాటిది కాదని రాస్తూ ఉంటే నాకే తెలుస్తోంది. గుంటూరు జిల్లాలో మా ఊరి చెరువు వెనక డొంక ఒకటి ఉండేది. రెండు ఎడ్లబండ్లు ఎదురెదురుగా వచ్చినా ఒకటి ఆగనవసరం లేనంత వెడల్పు అని మా తాతయ్య చెప్పేవారు. నేను ఎరిగేనాటికి ఒక్క బండి దారి, చదువుకు ఊరు విడిచేనాటికి కాలిబాట. ఎవరూ గొలుసు కట్టలేదు, గొడవా పడలేదు. ఏటా దుక్కిలో గట్టు పక్కన ఒక చాలు లోపలికి జరిపారు, అంతే. సర్వే పటంలో మాత్రం డొంక పూర్తి వెడల్పుతో అలాగే ఉంది. నక్షా బాట కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగిన తెలంగాణ మిత్రులకు ఈ బాధ నేను వివరించనక్కరలేదు. పటంలో ఉన్నది నేల మీద లేకుండా పోవడమనే పని అక్కడైనా ఇక్కడైనా ఒక్కటే, ఇక్కడ సూటు వేసుకుని చేస్తారు.

ఇలా అన్నప్పుడల్లా ‘సైకిళ్ల కోసం లువార్ ఒడ్డున బాటలు వేశారు కదా, అక్కడ తొక్కుకోండి’ అనే సలహా వస్తుంది. ఆ బాటలు మంచివే, పిల్లలతో వెళ్లడానికి నేనూ వెళతాను. కానీ వాటిలో ఎక్కువ భాగం తారు, వాటి మీద మట్టి దారి ఆనందాన్ని వెతకమనడం సమాధానమే కాదు. ‘వేట రోజుల్లో మీ క్షేమం కోసమే ఆపుతున్నాం’ అనేది ఇంకో మాట. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఉద్యోగస్తుడికి ఖాళీ దొరికే ఒకే ఒక్క ఆదివారమే తుపాకులకూ కావాలి. 2023 జనవరిలో ప్రభుత్వం ప్రకటించిన వేట భద్రతా ప్రణాళికలో ఆదివారం వేట ఆపాలన్న కోరికకు చోటు దక్కలేదు. నా క్షేమం గురించి అంత దిగులు ఉన్నవారు ఆ ఒక్క రోజు మానుకోవచ్చు.

ఇలాంటి నేలే చెక్ దేశంలో త్రెబోన్ చుట్టూ ఉంది: చదును, అడవి, కోటలు, 1590లో పూర్తయిన రోజ్మ్‌బెర్క్ వంటి మహా చెరువులు. అక్కడ 1995 అటవీ చట్టం ప్రకారం అడవిలోకి వెళ్లడం అందరి హక్కు, సైకిలు అటవీ రోడ్ల మీదా గుర్తు పెట్టిన మార్గాల మీదా సాగాలి. జర్మనీలో 1975 నుంచి దాదాపు ఇదే పద్ధతి, యజమాని ఎవరైనా సరే. స్కాట్లండ్ 2003లో సైకిలుతో సహా బాధ్యతగా తిరిగే హక్కును చట్టంలో రాసుకుంది. ఆ దేశాల్లో అడవులు నాశనమైపోలేదు, భూస్వాములు బిచ్చగాళ్లూ కాలేదు.

ఇప్పుడు అసలు అన్నింటికన్నా నన్ను మండిస్తున్న సంగతి. ఇక్కడి ఊరుమ్మడి దారి గ్రామ ప్రభుత్వానికి చెందినదే, అందరి రాకపోకలకు ఉద్దేశించినదే. భూమి పటంలో సర్వే నంబరు లేకుండా రెండు కమతాల మధ్య తెల్లగా వదిలిన పట్టీ అది. అటువంటి దారిలో వెళ్లడానికి ఆ 135 యూరోల నిబంధన వర్తించనే వర్తించదు. అయినా చట్టరీత్యా దీన్ని గ్రామపు సొంత ఆస్తిగా లెక్కిస్తారు కాబట్టి, ముప్పయ్యేళ్లు ఎవరూ అడగకుండా ఒకరు అనుభవిస్తే అది వారి సొంతం కాగలదు. ప్రతి బోర్డూ, ప్రతి జీపూ, మనం వెనక్కి తిరిగిన ప్రతి ఆదివారమూ ఆ ముప్పయ్యేళ్ల లెక్కకు సాయం చేస్తున్నాయి. 2022 ఫిబ్రవరి 21న వచ్చిన చట్టం ఒక ఉపాయం ఇచ్చింది: గ్రామ మండలి తన ఊరుమ్మడి దారుల జాబితా తయారుచేస్తామని తీర్మానిస్తే ఆ లెక్క ఆగుతుంది, రెండేళ్లలోగా జాబితా పూర్తి చేయాలి. తీర్మానానికి కావలసింది ఒక సమావేశం, ఒక పేజీ. ఈ వారమే నేను తొక్కే దారులున్న గ్రామాల మేయర్లందరికీ రిజిస్టర్డ్ ఉత్తరాలు పంపుతున్నాను, భూమి పటం నకలు జతచేసి, ఆ తీర్మానం చేశారా లేదా, చేయకపోతే ఎప్పుడు చేస్తారో లిఖితపూర్వకంగా చెప్పమని. ఫ్రెంచిలో రాసిన ఉత్తరం నమూనా కావలసినవారు అడగండి, పంపిస్తాను. పేరు మార్చి మీ గ్రామానికీ పంపండి.