యంత్రం కొన్నవాడికే దాని డేటా దక్కాలి

ఫ్యాక్టరీకి గాలిని ఒత్తి పైపుల్లోకి పంపే కొత్త స్క్రూ కంప్రెషర్ కొంటే ఇప్పుడు దాంతోపాటు ఒక చిన్న డబ్బా కూడా వస్తోంది. ప్యానెల్ లోపల, కంట్రోలర్ పక్కన, సిమ్ కార్డుతో, బయటికి ఒక యాంటెన్నాతో. గాలి పీడనం, ఆయిల్ ఉష్ణోగ్రత, మోటారు కరెంటు, లోడ్ గంటలు (గాలి నింపుతూ నడిచినవి), అన్‌లోడ్ గంటలు (గాలి ఇవ్వకుండా ఊరికే తిరిగినవి) అన్నీ ఆ డబ్బా రాత్రింబవళ్లు తయారీదారు క్లౌడ్‌కు పంపుతూ ఉంటుంది. జనరేటర్లకు, చిల్లర్లకు, ఇంజెక్షన్ మౌల్డింగ్ యంత్రాలకు కూడా ఇదే దారి. లక్షలు పోసి కొన్న ఫ్యాక్టరీకి మిగిలేది ఫోన్‌లో ఒక యాప్. అందులో ఆకుపచ్చ చుక్క, ఎర్ర చుక్క, 'సర్వీసుకు సమయమైంది' అన్న సందేశం. అసలు అంకెలు కావాలంటే ఏడాదికింత అని చందా కట్టాలి. కట్టినా చాలాసార్లు గంట సగటుల గ్రాఫు చూపిస్తారే తప్ప ముడి లెక్క చేతికివ్వరు.

ఇది మారాలి. యంత్రం ఎవరిదో, అది పుట్టించే డేటా మొదట వాళ్లకే అందాలి. తయారీదారుకు అందడం ఆ తర్వాతి మాట.

దూరం నుంచి యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండటం మంచిదా కాదా అన్న చర్చ ఎప్పుడో ముగిసింది. జపాన్ కొమాట్సు సంస్థ 2001 నుంచే తన ఎక్స్‌కవేటర్లలో ఈ ఏర్పాటును అదనపు ఖర్చుగా కాక యంత్రంలో భాగంగానే ఇస్తోంది. మిగిలిన ప్రశ్నల్లా ఒకటే: ఆ లెక్క ఎవరి చేతిలో ఉండాలి?

ఎందుకింత గట్టిగా అంటున్నానో ఒక్క ఆదివారం రాత్రి డేటా చూస్తే తెలుస్తుంది. ఫ్యాక్టరీ మూసి ఉంది, గాలి వాడే యంత్రం ఒక్కటీ నడవడం లేదు. సోమవారం పొద్దున ఇబ్బంది లేకుండా ఉండాలని కంప్రెషర్‌ను మాత్రం ఆపలేదు. అప్పుడది రెండు నిమిషాలు లోడ్‌లోకి వెళ్లి, ఆరు నిమిషాలు అన్‌లోడ్‌లో తిరిగి, మళ్లీ రెండు నిమిషాలు లోడ్ అవుతోందనుకుందాం. వాడేవాడు లేనప్పుడు ఆ గాలి ఎటు పోతోంది? పైపు జాయింట్లు, గొట్టాల క్లిప్పులు, పాడైన డ్రెయిన్ వాల్వుల గుండా బయటికి పోతోంది. లోడ్ సమయాన్ని మొత్తం సమయంతో భాగిస్తే లీకేజీ వస్తుంది. ఎనిమిదిలో రెండు, అంటే 25 శాతం. లీకుల మీద ఎన్నడూ దృష్టి పెట్టని ప్లాంట్లలో 20 నుంచి 30 శాతం ఉండటం వింతేమీ కాదు.

దీన్ని రూపాయల్లోకి మార్చి చూడండి. 75 కిలోవాట్ల యంత్రం అన్‌లోడ్‌లో గాలి ఇవ్వకపోయినా పావు నుంచి మూడో వంతు కరెంటు తాగుతూనే ఉంటుంది. 22 కిలోవాట్లు అనుకుందాం. లోడ్‌కూ అన్‌లోడ్‌కూ తేడా 53. లీకుల కోసం పావు వంతు కాలం లోడ్‌లో ఉంటే సగటున 13 కిలోవాట్లు లీకులకే పోతున్నట్టు. ఏడాదికి 8,000 గంటలు నడిస్తే లక్ష యూనిట్లు దాటుతుంది. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా ఎనిమిది లక్షల పైచిలుకు. సబ్బు నీళ్ల సీసా, టెఫ్లాన్ టేపు, కొన్ని కొత్త ఫిట్టింగులు, ఒక ఫిట్టర్ రెండు రోజుల కూలి. ఇంతే ఖర్చుతో ఇందులో ఎక్కువ భాగం ఆగుతుంది.

ఈ లెక్కకు కావాల్సిన రెండు అంకెలూ ప్రతి ఆదివారం తయారీదారు సర్వర్‌కు చేరుతున్నాయి. కానీ ఫ్యాక్టరీ ఫోన్‌కు వచ్చే సందేశం మాత్రం ఆయిల్ ఫిల్టర్ మార్చమని! ఇందులో కుట్ర వెతకనక్కర్లేదు. స్పేర్ పార్టులు అమ్ముకుని బతికే విభాగం సందేశాలు రాస్తే అవి స్పేర్ పార్టుల గురించే ఉంటాయి. లీకు సరిచేస్తే వాళ్లకొచ్చే ఆదాయమేమీ లేదు. నిజానికి లీకులు ఆగితే తర్వాతి కంప్రెషర్ కొనే అవసరమే వాయిదా పడుతుంది.

సెపరేటర్ సంగతీ అంతే. గాలి నుంచి ఆయిల్‌ను విడదీసే ఆ ఎలిమెంట్ కొత్తగా ఉన్నప్పుడు దానికి అటూ ఇటూ పీడనం తేడా 0.2, 0.3 బార్ ఉంటుంది. 0.8 నుంచి 1 బార్‌కు చేరితే మార్చాలి. యాప్ మాత్రం గంటలు లెక్కపెట్టి నిర్ణీత గడువుకు మార్చమంటుంది. తేడా ఇంకా 0.3 దగ్గరే ఉంటే ఎందుకు మార్చాలో అడగాలంటే ఆ అంకె మన దగ్గర ఉండాలి కదా. ఇంకో మాట: ఎక్కుతూ వచ్చిన ఆ తేడా ఉన్నట్టుండి పడిపోతే మంచిదే అనుకోకూడదు. ఎలిమెంట్ చిరిగిందని, గాలి లైనులోకి ఆయిల్ పోతోందని దానర్థం. మాత్రలు చేసే ప్లాంటులో అది మామూలు నష్టం కాదు. ఆ మార్పును అదే పూట పట్టుకోవాలి.

హెచ్చరికలు దెబ్బతినేది వేసవిలో. స్క్రూ కంప్రెషర్ డిశ్చార్జ్ ఉష్ణోగ్రత, అంటే ఒత్తాక బయటికొచ్చే గాలి వేడి, మామూలుగా 80 నుంచి 95 డిగ్రీలు, 110 దగ్గర యంత్రం తనంతట తానే ఆగిపోతుంది (ట్రిప్). 100 దగ్గర హెచ్చరిక మోగాలని చల్లని దేశంలో ఎవరో పెట్టిన హద్దు మే నెలలో రామగుండంలో పనికిరాదు. కంప్రెషర్ గదిలో వేడి 45 దాటితే యంత్రానికి ఏ జబ్బూ లేకపోయినా రోజుకు పదిసార్లు మోగుతుంది. నాలుగో రోజు ఎవరో దాన్ని మ్యూట్ చేస్తారు. అయిదో వారం కూలర్ నిజంగా దుమ్ముతో మూసుకుపోయినప్పుడు వినేవాళ్లుండరు. చూడాల్సింది ఒంటరి ఉష్ణోగ్రతను కాదు, డిశ్చార్జ్‌కూ యంత్రం పీల్చే గాలికీ ఉన్న తేడాను. అదే లోడ్ మీద ఆ తేడా రెండు మూడు వారాల్లో నెమ్మదిగా పెరుగుతూ వస్తే కూలర్ కడగాలి, ఆయిల్ మట్టం చూడాలి. గాలి పీల్చే చోట ఒక సెన్సర్ పెట్టి, దాని అంకెను కంప్రెషర్ అంకె పక్కన పెడితే చాలు. తన డేటా తన చేతిలో ఉన్న ప్లాంటుకు ఇది ఒక పూట పని. లేని ప్లాంటు తయారీదారుకు మెయిల్ పెట్టి కూర్చోవాలి.

ఇక దూరం నుంచి చూసే దారే దూరం నుంచి ఆపే దారి కూడా కావచ్చు. 2022లో రష్యా సైనికులు ఉక్రెయిన్‌లోని మెలిటోపోల్ డీలర్ దగ్గర ఎత్తుకుపోయిన జాన్ డీర్ కంపెనీ వ్యవసాయ యంత్రాలు దూరం నుంచే మూగబోయాయని వార్తలొస్తే లోకం చప్పట్లు కొట్టింది. దొంగల విషయంలో సంతోషమే. పోలండ్‌లో జరిగింది వేరు. న్యూవాగ్ కంపెనీ తయారుచేసిన రైళ్లు బయటి వర్క్‌షాపులో సర్వీసు అయ్యాక కదలలేదు. డ్రాగన్ సెక్టర్ అనే హ్యాకర్ల బృందం సాఫ్ట్‌వేర్ విప్పి, పోటీ వర్క్‌షాపుల జీపీఎస్ హద్దులు అందులో ఉన్నాయని, అక్కడ ఎక్కువ రోజులు నిలిచిన రైలు తాళం పడిపోయేలా రాసి ఉందని 2023 డిసెంబరులో బయటపెట్టింది. కంపెనీ ఖండించింది, దావాలూ వేసింది. అక్కడ తాళం యంత్రంలోనే ఉందని చెబుతున్నారు. సిమ్ కార్డు ఉన్న యంత్రానికి ఆ తాళం బయటి నుంచే వేయొచ్చు.

తయారీదారుల వాదనా వినాలి. డేటా బయటపెడితే డిజైన్ రహస్యాలు పోతాయని, వారంటీ తగాదాలు పెరుగుతాయని, భద్రతకు ముప్పని వాళ్లంటారు. పీడనం, ఉష్ణోగ్రత, కరెంటు, గంటలు డిజైన్ రహస్యాలు కావు. అవి యంత్రం మీది గేజీలో, తెరమీద కనబడేవే. రెండువైపులా ఒకే లెక్క ఉంటే వారంటీ తగాదా తగ్గుతుంది. భద్రతకు మందు డేటా చదివే దారిని, యంత్రానికి ఆదేశాలు రాసే దారి నుంచి విడదీయడమే, రెండూ మూసి తాళంచెవి తమ జేబులో వేసుకోవడం కాదు.

యూరప్ ఈ విషయం తేల్చేసింది. 2023లో చేసిన డేటా చట్టం 2025 సెప్టెంబరు 12 నుంచి అమల్లోకి వచ్చింది. ఇంటర్నెట్‌కు కలిసే యంత్రం పుట్టించే డేటాను వాడకందారుకు ఇవ్వాలి, అతను కోరితే వేరే మెకానిక్‌కు కూడా ఇవ్వాలి. అంటే స్టుట్‌గార్ట్‌లో ఒక కంప్రెషర్ యజమానికి హక్కుగా వచ్చే అంకెలు, అదే కంప్రెషర్, అదే కంట్రోలర్ పాశమైలారానికి వస్తే దయాదాక్షిణ్యం మీద దొరుకుతాయి. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం పేరులోనే ఉంది, అది మనుషుల వివరాలకే వర్తిస్తుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వాణిజ్య అవసరానికి కొన్నవాడిని వినియోగదారుడిగానే లెక్కపెట్టదు, సొంత జీవనోపాధికి కొన్నవాళ్లకు తప్ప. 2022లో కేంద్రం మొదలుపెట్టిన రిపేరు హక్కు పోర్టల్‌లో ట్రాక్టర్లు, ఫోన్లు, ఇంటి వస్తువులు, వాహనాలు ఉన్నాయి. ఫ్యాక్టరీ యంత్రాలు లేవు. చిన్న పరిశ్రమ మూడు గడపల్లో ఏ గడపకూ చెందడం లేదు.

మన తయారీదారులు కూడా ఈ పాటికి ఇటు తిరగాలి. బాలానగర్, జీడిమెట్లల్లో డ్రయ్యర్లు, సెంట్రిఫ్యూజులు చేసే యూనిట్లకు 'మీ పేరుతో క్లౌడ్ యాప్' అమ్మేవాళ్లు వస్తున్నారు. యంత్రంలోని గేట్‌వేలో, అంటే డేటాను క్లౌడ్‌కు పంపే డబ్బాలో, ఆ క్లౌడ్ కంపెనీ చిరునామా నేరుగా రాసి ఉంటే మీ కస్టమర్‌తోపాటు మీరూ ఇరుక్కున్నట్టే. యంత్రాలను క్లౌడ్‌కు కలిపే తన ఐఓటీ కోర్ సేవను గూగుల్ 2022 ఆగస్టులో చెప్పి 2023 ఆగస్టు 16న మూసేసింది. సరిగ్గా ఏడాది గడువు. యాభై ఊళ్లలో యాభై ప్యానెళ్లు తెరిచి చిరునామా మార్చాల్సి వస్తే ఆ ఏడాది ఏ మూలకు? గేట్‌వేలో మీ సొంత డొమైన్ పేరే రాయండి, వెనక సర్వర్ ఎవరిదైనా మార్చుకోవచ్చు. పెద్ద విదేశీ కంపెనీ ఇవ్వని ముడి డేటాను మీరు ఇస్తానంటే కొనేవాడు మీ వైపు చూడటానికి అంతకన్నా మంచి కారణం ఉండదు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది డబ్బు లెక్క కాదు. స్క్రూడ్రైవర్ కొన బేరింగ్ మీద, పిడి చెవికి ఆనించి 'వారం కన్నా ఆగదు సార్' అని చెప్పగల ఫిట్టర్లు మన ప్లాంట్లలో ఉన్నారు. ఆ చెవి ఇరవై ఏళ్లలో తయారైంది. ఇప్పుడు యంత్రం పాడయ్యే ముందు పెట్టే ప్రతి మూలుగూ వేల కిలోమీటర్ల దూరంలో పోగవుతోంది. దాన్ని చదివి నేర్చుకునేవాళ్లు అక్కడున్నారు, పక్కనే నిలబడ్డ ఐటీఐ కుర్రాడికి మాత్రం ఎర్ర చుక్క వస్తే ఫోన్ చేయడమే పనైంది. నేను విన్నదీ గ్రాఫులో కనబడుతున్నదీ ఒకటేనా అని పోల్చి చూసుకునే అవకాశం ఇస్తే ఆ కుర్రాడు ఇరవై ఏళ్ల చెవిని అయిదేళ్లలో సంపాదిస్తాడు. అది ఇవ్వకపోతే ఇంకో తరానికి మన షాప్‌ఫ్లోర్ మీద బటన్ నొక్కేవాళ్లే మిగులుతారు.

చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు, పర్చేజ్ ఆర్డర్ మన చేతిలోనే ఉంది. కంట్రోలర్‌కు క్లౌడ్ డబ్బాతో పంచుకోని రెండో పోర్టు, ఆర్‌ఎస్-485 గానీ ఈథర్నెట్ గానీ, లైసెన్సు రుసుము లేకుండా తెరిచి ఉండాలని రాయండి. దూరం నుంచి ఆపడం, సెట్టింగులు మార్చడం ప్యానెల్ మీది కీ స్విచ్ తిప్పితేనే సాధ్యం కావాలని రాయండి. అన్నిటికన్నా ముఖ్యం, మోడ్‌బస్ (కంట్రోలర్లు అంకెలు పంపుకునే భాష) రిజిస్టర్ల పట్టిక, అంటే ఏ అంకె ఏ అడ్రసులో ఉందో చెప్పే జాబితా, డెలివరీకి ముందే కావాలి. అడ్రసు, డేటా రకం, ఎంతతో భాగించాలి, 32 బిట్ల అంకెలోని రెండు 16 బిట్ల సగాల్లో (పదాల్లో) ఏది ముందు వస్తుంది, అన్నీ అందులో ఉండాలి. పదాలు తారుమారైతే 7.1 బార్ ఉన్నచోట తెరమీద సున్నా కనబడుతుంది. మాన్యువల్‌లో 40001 అన్నది చాలా సాఫ్ట్‌వేర్లలో సున్నా అడ్రసు. ఒక్క అంకె జరిగితే పీడనం బదులు ఉష్ణోగ్రత చదువుతారు. కేబుల్ షీల్డ్ ఉన్న మెలితిప్పిన జత అయి ఉండాలి. రెండు కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్లు, షీల్డ్‌కు ఒక కొసలోనే ఎర్త్. మోటారు వేగం మార్చే వీఎఫ్‌డీ నుంచి మోటారుకు వెళ్లే కేబుల్ ఉన్న ట్రేలో దాన్ని వేస్తే డేటా తెగి తెగి వస్తుంది, నింద కంట్రోలర్ మీద పడుతుంది.

యంత్రాన్ని మొదటిసారి నడిపి అప్పగించే కమిషనింగ్ రోజు మన ల్యాప్‌టాప్ ఆ రెండో పోర్టుకు తగిలించి, గేజీలో పీడనమూ తెరమీద పీడనమూ ఒకటేనని చూశాకే చివరి 10 శాతం బిల్లు చెల్లిస్తామని షరతు పెట్టండి. వైరింగ్ డయాగ్రామ్‌ను ప్యానెల్ తలుపు లోపలివైపు అంటించి పంపడం మన పరిశ్రమలో పాత మర్యాద. రిజిస్టర్ల పట్టికనూ దాని పక్కనే, ఫిట్టర్ కంటికి ఆనే ఎత్తులో అంటించి పంపమనండి.